ఊరికే ఇచ్చిన బంటు

చదరంగం నేర్పి బతికినాను అంటే మా బుక్కరాయసముద్రంలో ఇప్పటికీ నమ్మరు. "అది సరేప్పా, ఉద్యోగం ఏం చేస్తాంటివి?" అని అడుగుతారు. నాకు పిల్లనిచ్చిన మామ కూడా పోయేదాకా నన్ను చుట్టాలకు డ్రిల్ మాస్టరు అనే చెప్పినాడు. నేను దిద్దలేదు. డ్రిల్ మాస్టరంటే ఒక విజిలుంటుంది, ఒక గ్రౌండుంటుంది. నాకుండేది స్టేడియం మెట్ల కింద ఒక గది. పైన ఎవరన్నా పరుగెత్తితే బోర్డు మీద గుర్రాలు వాటంతట అవే కదిలేవి.

ఈ మధ్య ఆ గదిలోకే కొత్తగా కోచ్‌గా వచ్చిన కుర్రవాడు ఒకరోజు ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో గొప్ప గేమ్ ఏది? పిల్లలకు చూపిస్తాను" అని అడిగినాడు. గెలిచిన ఆటలు కొన్ని గుర్తు తెచ్చుకోబోయినాను. రాలేదు. వచ్చిందల్లా ఒకటే. అది నేను నా శిష్యురాలి చేతిలో ఓడిపోయిన ఆట. ఓడిపోవడం పెద్ద విషయం కాదు, నాకు బాగా అలవాటున్న పనే. ఓడిపోయినాక, నిజంగానే ఓడిపోయినానని నలుగురి ముందు నిలబడి రుజువు చేసుకోవలసి వచ్చింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

గాంబిట్ పిచ్చి

నన్ను ఈ ఉద్యోగంలో పెట్టినవాడు ఖాదర్ సాబ్. సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అనంతపురంలో చదరంగం పోటీ ఎక్కడ జరిగినా ఆర్బిటర్ ఆయనే, అంటే ఆటలో తీర్పు చెప్పేవాడు. జిల్లాకు ఒక కోచ్ కావాలని పైనుంచి కాగితం వచ్చినప్పుడు, "ఓబులేసుకు ఆట అంత రాదు గానీ నోరుంది. పిల్లలకు నోరే కావల్ల" అని నా పేరు రాసి పంపినాడట. ఆ మాట నాకు చాలా ఏళ్లకు తెలిసింది. తెలిసినాక కూడా కాదనడానికి నాకేమీ దొరకలేదు.

ఆటలో మొదటి పది పన్నెండు ఎత్తులను ఓపెనింగ్ అంటారు. దండును కోట బయటకు తెచ్చి నిలబెట్టే భాగమన్నమాట. ఇందులో గాంబిట్ అని ఒక పద్ధతుంది. కావాలనే ఒక బంటును ఎదుటివాడికి ఇచ్చేసి, వాడు దాన్ని తింటూ ఉన్నంతలో మన బలగాన్ని తొందరగా వాడి రాజు మీదికి తోలడం. నాకు దాని పిచ్చి. రెండో ఎత్తుకే బంటు ఇచ్చేవాణ్ణి. వెనక్కి తిరగడమంటే నాకు నామోషీ. పిల్లలకూ అదే నేర్పినాను. "బంటు ఇచ్చెయ్, ముందుకు పో" అనేవాణ్ణి. ఫలితం ఏమంటే, ఏ ఊరికి పోటీకి పోయినా మా జిల్లా జట్టు భోజనాల వరసలో ముందుండేది. మిగతావాళ్లు ఇంకా ఆడుతుండేవాళ్లు.

కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కోచ్ తనకు ఏది ఇష్టమో అది నేర్పుతాడు. పిల్లకు ఏది నప్పుతుందో చూడడు. నేను ఏళ్ల తరబడి చూడలేదు.

చౌడేశ్వరి వచ్చింది ఆ రోజుల్లోనే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో. ధర్మవరం పిల్ల. వాళ్ల నాయన పట్టుచీరలు నేస్తాడు. పదో తరగతి నుంచే వారానికి మూడుసార్లు రైల్లో అనంతపురం వచ్చేది. సన్నగా, మాట తక్కువగా ఉండేది. మొదటిరోజు నా ఎదుట కూర్చోబెట్టి ఆడించినాను. నేను రాజు ముందరి బంటును రెండు గడులు తోలినాను. ఆమె తన రాజు ముందరి బంటును ఒక్క గడే తోసింది.

దాన్ని ఫ్రెంచ్ డిఫెన్స్ అంటారు. నాకు అస్సలు పడని ఓపెనింగ్. అది ఆడితే నా రెండో ఎత్తు గాంబిట్‌కు దారే ఉండదు. పైగా ఆడేవాడి శకటు, అంటే బిషప్, ఒకటి సొంత బంట్ల వెనక ఇరుక్కుపోయి చాలాసేపు బయటకు రాదు.

"ఇదేంది, తల్లీ? ఇంత ఇరుకులో ఎట్ల ఆడతావు?" అన్నాను.

"మా ఇంట్లో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చునే పెరిగినా సార్. ఇరుకు నాకేం కష్టం కాదు" అంది.

రెండు మూడేళ్లు నేను ఆమెను మార్చడానికి చూసినాను. బతిమాలినాను, ఎగతాళి చేసినాను. తల ఊపేది, పోటీకి పోతే మళ్లీ ఒక్క గడే తోసేది. మెల్లగా, పట్టుకుని కూర్చుని, అవతలివాడు అలిసిపోయినాక గెలిచేది. నేను మాత్రం అది అదృష్టమని అనుకునేవాణ్ణి.

లెక్క సరిచేసే మనిషి

ఇంటర్ అయిపోయిన వేసవిలో జిల్లా ఎంపిక పోటీ వచ్చింది. మొదటి నాలుగు స్థానాల్లో వచ్చినవాళ్లు రాష్ట్ర పోటీకి పోతారు. రాష్ట్రంలో ఆడితే ఇంజనీరింగ్‌లో క్రీడల కోటా కింద సీటుకు ఆశ ఉంటుంది. చౌడేశ్వరికి అదే కావాలి. ఎంట్రన్సు ర్యాంకు ఆమెను ఎక్కడికీ చేర్చేది కాదు. వాళ్ల నాయన నెమ్మదైన మనిషే గానీ, "ఈసారి చూస్తాం సార్. లేదంటే మగ్గం ఉండనే ఉండాది" అని నాతో చెప్పిపోయినాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఇంకా బరువుగా అనిపించింది.

పోటీ ఉరవకొండ దారిలో శివారెడ్డి గారి చెనిక్కాయల మిల్లు గోడౌన్‌లో. ఆ ఏడు వాన లేక వేరుశెనగ పంట రాలేదు, గోడౌన్ ఖాళీగా ఉంది. ఆయనే ముందుకొచ్చి బల్లలు వేయించి, భోజనాలు పెట్టించి, ట్యాంకరుతో నీళ్లు తెప్పించినాడు. రాజకీయాల్లో తిరిగే మనిషి, నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. ఆయన కొడుకు ప్రతాప్ డిగ్రీ చదువుతాండె. వాడూ నా శిష్యుడే. వాడూ పోటీలో ఉన్నాడు.

రెండు రోజుల పోటీ. మొదటిరోజు పొద్దున అందరూ వచ్చి కూర్చున్నాక లెక్కపెడితే ఆటగాళ్ల సంఖ్య బేసి వచ్చింది. అంటే ప్రతి రౌండులో ఒకరు ఆట లేక ఊరికే కూర్చోవాలి. ఖాదర్ సాబ్ నా వైపు చూసినాడు.

"ఓబులేసూ, నువ్వు కూచో. నీ ఆట లెక్కకు వస్తాది, నీకు స్థానం మాత్రం రాదు. బస్, లెక్క సరిచేసే మనిషివి."

అట్లా కూర్చునే మనిషి పని చాలా సులభం. మర్యాదగా ఓడిపోతూ, అప్పుడప్పుడూ డ్రా చేసుకుంటూ, ఎవరి దారికీ అడ్డం రాకుండా ఉండాలి. నేను గెలవడం మొదలుపెట్టినాను. ఎందుకో తెలియదు, ఆ రెండు రోజులు నా గాంబిట్లన్నీ పారినాయి. సోమందేపల్లె నుంచి వచ్చిన పెద్ద ఆటగాణ్ణి మధ్యాహ్నం భోజనానికి ముందే ఓడించినాను. లేచి గోడౌనంతా ఒక చుట్టు తిరిగి వచ్చినాను, అందరూ చూసేటట్టు.

ఈ పోటీల్లో ఒకే పాయింట్లున్నవాళ్లను ఒకరితో ఒకరిని ఆడిస్తారు. అందుకని నేను గెలిచేకొద్దీ పైబల్లలకు ఎక్కుతూ పోయినాను. చివరి రౌండుకు జతలు రాసి గోడకు అంటించినారు. నా ఎదురుగా చౌడేశ్వరి పేరు.

ఆమె గెలిస్తే నాలుగో స్థానం. డ్రా అయినా, ఓడినా ఆ స్థానం ప్రతాప్‌కు పోతుంది. నాకు గెలిచినా ఓడినా ఏమీ రాదు. తలకాయున్న ఎవడైనా ముందు రోజే ఒక ఆట ఓడిపోయి ఉండేవాడు. చప్పట్ల కోసం గోడౌనంతా చుట్టు తిరిగినవాడికి ఆ తలకాయ లేకపోయె.

ఖాదర్ సాబ్ నన్ను ట్యాంకరు దగ్గరికి పిలుచుకుపోయినాడు.

"నువ్వు గెలుస్తావో ఓడతావో నేనడగను. నాటకం మాత్రం ఆడొద్దు. నాటకం ఆడితే ఆ పిల్ల బతుకు కూడా పోతాది, నీ ఉద్యోగం ఒకటే కాదు."

"నాటకం నాకు చేతకాదు సాబ్" అన్నాను.

"అదీ నిజమే" అన్నాడాయన.

ఆట

నిజం చెప్పాలంటే, ఓడిపోదామనే అనుకుని బల్ల దగ్గరికి పోయినాను. త్యాగమంటే ఎట్లుంటుందో ఒకసారి చూద్దామనిపించింది. మెల్లగా ఎక్కడో ఒక తప్పు చేసి, ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టి, చెయ్యి కలిపి లేస్తాను. ముఖం ఎట్లా పెట్టాలో కూడా అనుకున్నాను.

చౌడేశ్వరి వచ్చి కూర్చుంది. నమస్కారం పెట్టింది. నావి తెల్లవి. రాజు ముందరి బంటును రెండు గడులు తోలినాను. ఆమె ఒక్క గడే తోసింది.

అదే బంటు. మూడేళ్లుగా వద్దు వద్దంటున్న బంటు. త్యాగం సంగతి ఆ క్షణమే మర్చిపోయినాను. ఇన్నాళ్లూ నోటితో చెప్పింది ఈరోజు చేతితో చూపిస్తాననిపించింది.

మధ్యలోని బంటును ఇంకో గడి ముందుకు తోసి ఆమె గొంతు మీద కూర్చోబెట్టినాను. ఆమె పక్క బంటును తోసి, దానికి కాపున్న నా ఇంకో బంటును బెదిరించింది. గుర్రాన్ని తెచ్చింది, మంత్రిని తెచ్చి నా బంట్ల మీద కన్నేసింది. అంతా పుస్తకంలో ఉన్నట్టే. అప్పుడు నేను శకటును బయటకు తెచ్చి నా మంత్రికి ముందు, ఆమె రాజు వైపు బల్లెంలా నిలబెట్టినాను. చూసేవాళ్లకు అది మతిమరుపు ఎత్తులా కనపడుతుంది. నా మధ్య బంటుకు కాపు తగ్గిపోయింది. ఆమె గుర్రంతో దాన్ని తినొచ్చు.

అందులో ఒక వల ఉంది. ఆమె గుర్రం నా బంటును తింటే, నా గుర్రం ఆమె గుర్రాన్ని తింటుంది. నా గుర్రాన్ని ఆమె మంత్రి తింటుంది. అప్పుడు నా శకటు పక్కకు దూకి ఆమె రాజుకు చెక్ చెప్తుంది. శకటు దూకగానే దాని వెనకున్న నా మంత్రికి ఎదురుగా ఆమె మంత్రి ఒంటరిగా నిలబడి ఉంటుంది. రాజును కాచుకోవాలి, మంత్రిని వదులుకోవాలి. చిన్నపిల్లలను పట్టే వల ఇది. దాన్ని నా సొంత శిష్యురాలికి, ఆమె చదువు ఆధారపడిన రోజున వేసినాను. వేసి, ఏమీ ఎరగనట్టు పైకప్పు వైపు చూసినాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగినాయి, రేకుల కింద సెగ దిగింది. తరువాత తన శకటును ఒక్క గడి జరిపి రాజుకు అడ్డం పెట్టింది. అంతే, నా వల తెగిపోయింది. ఇప్పుడు బంటు నిజంగానే తినడానికి సిద్ధంగా ఉంది.

కాపాడుకోవచ్చు. శకటును వెనక్కి తీసుకుంటే చాలు. నేను రాజును కోటలో పెట్టుకుని బంటును వదిలేసినాను. ఇది కూడా పుస్తకంలో ఉన్న గాంబిటే. బంటు పోతుంది, బదులుగా దాడి వస్తుంది. ఆమె తినింది. గుర్రాలు మారినాయి, ఆమె మంత్రి బోర్డు నడుమకు వచ్చి నిలబడింది. నా రెండో గుర్రం బయటకు దూకింది. ఇంక నా మోతే అనుకున్నాను. ఆమె అంచున ఉన్న బంటును ఒక్క గడి జరిపింది. నా గుర్రం దూకాల్సిన గడిని అది మూసేసింది.

అక్కడినుంచి నేను తోసుకుంటూ పోయినాను, ఆమె సర్దుకుంటూ కూర్చుంది. మధ్యలో ఆమె మంత్రి నా ఎడమ మూలకు పోయి ఇంకో బంటును కూడా తినింది. నేను పట్టించుకోలేదు. నా మంత్రిని ముందుకు దూకించి చెక్ చెప్పినాను. చుట్టూ నిలబడినవాళ్లు గుసగుసలాడినారు. నాకు ఒళ్లు పులకరించింది. ఆమె రాజు ఒక గడి పక్కకు జరిగింది. తరువాతి చెక్‌కు ఇంకో గడి. మూడో చెక్ చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆమె మంత్రి నిదానంగా ఇంటికి తిరిగొచ్చింది. రెండు బంట్లు తక్కువతో చివరిదాకా ఈడ్చినాను. ఈడ్చడం కూడా గౌరవం కోసమే.

రాజును పడుకోబెట్టి చెయ్యి ఇచ్చినాను. ముఖం ఎట్లా పెట్టాలో ముందే అనుకున్నాను గదా, అదేమీ గుర్తు రాలేదు. నిజంగా ఓడిపోయినవాడి ముఖమే పెట్టినాను.

గోడౌన్‌లో పంచాయితీ

ఫలితాలు చదవబోతుంటే శివారెడ్డి గారు లేచినారు.

"ఒక్క నిమిషం సాబ్. ఏమప్పా మాస్టరూ, నేను ఈ ఆట మొదటినుంచి మీ బల్ల దగ్గరే నిలబడినా. నాకు ఆట ఎక్కువ రాదు. కానీ బంటు పోతాంటే తెలుస్తాది. మొదట్లోనే బంటు ఊరికే ఇచ్చేస్తివి. ఇంకోటి మూలలో ఇస్తివి. గురువు శిష్యురాలికి ఆట ఇచ్చేస్తే నా కొడుకు యాడ పోవల్ల?"

ఆయన్ను తప్పుపట్టలేం. ఆ స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. సోమందేపల్లె ఆటగాడు కూడా తల ఊపినాడు. నిన్న తనను అంత జోరుగా ఓడించినవాడు ఈరోజు ఒక పిల్లకు ఇట్లా ఓడిపోతాడా అని అతని అనుమానం. నా గెలుపులే నాకు సాక్ష్యంగా వచ్చి నిలబడినాయి, అదీ నాకు వ్యతిరేకంగా.

చౌడేశ్వరి తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఖాదర్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఫిర్యాదు వచ్చింది, విచారిస్తా. ఓబులేసూ, బోర్డు పేర్చు. మొదటి ఎత్తు నుంచి ఆడి చూపించు. ఏ ఎత్తు ఎందుకు వేసినావో చెప్పు."

నా సర్వీసులో నేను ఎన్నో పాఠాలు చెప్పినాను. అంత శ్రద్ధగా విన్న క్లాసు మాత్రం అదొక్కటే. చుట్టూ అందరూ మూగినారు. నేను ఎత్తులు పేరుస్తూ వచ్చినాను. బంటు దగ్గర ఆగి, "ఇది ఊరికే ఇచ్చింది కాదు, గాంబిట్. దీనికి ముందు ఒక వల వేసినా" అని, ఆ వల పడివుంటే చౌడేశ్వరి మంత్రి ఎట్లా పోయేదో చూపించినాను.

శివారెడ్డి గారు నోరు తెరిచి చూసినాడు. "నీ శిష్యురాలికే ఇంత మోసమా?"

"అవునండీ" అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక దొంగపని ఒప్పుకుంటూ సంతోషపడినాను.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు" అన్నాడు ఖాదర్ సాబ్. "ఓడిపోదామని అనుకున్నావా?"

అబద్ధం చెప్పొచ్చు. తలుపు దగ్గరికి చూసినాను. ఆ పిల్ల కళ్లు నా మీదే ఉన్నాయి.

"అనుకున్నా సాబ్. కూర్చునేదాకా అనుకున్నా. ఆమె ఫ్రెంచ్ మొదలుపెట్టగానే కోపమొచ్చి మర్చిపోయినా."

ఎవరో నవ్వినారు. శివారెడ్డి గారు నవ్వలేదు. నేను ముందుకు పేర్చినాను. చౌడేశ్వరి మంత్రి నా మూలకు వచ్చి బంటును తిన్న చోటికి వచ్చేసరికి, ఇంతసేపూ మాట్లాడని ప్రతాప్ బోర్డు మీదికి వంగినాడు.

"సార్, ఇక్కడ గుర్రాన్ని వెనక్కి తీసుకునింటే?"

"యాడికి?"

"మొదట నిలబడిన గడికే. చూడండి, మంత్రికి దారి లేదు."

వాడు గుర్రాన్ని ఎత్తి దాని పాత గడిలో పెట్టినాడు. బోర్డు వైపు చూసినాను. గుర్రం తొలగగానే దాని వెనకున్న నా శకటుకు దారి తెరుచుకుంది. ఆమె మంత్రి ఒకవైపు గుర్రం కింద, ఇంకోవైపు శకటు కింద, మూడోవైపు తన సొంత శకటు అడ్డం. పోవడానికి ఒక్క గడి లేదు. మంత్రి పోయేది. ఆట నాది.

నాకు భయమేసింది. గెలుపు పోయినందుకు కాదు, అది తరువాత సంగతి. ఇది చూసినవాళ్లు ఏమనుకుంటారు? గెలిచే ఎత్తు ముందుంటే వదిలేసినాడంటే ఇంకేం సాక్ష్యం కావాలి?

"అదే నేను చెప్తాండేది" అన్నాడు శివారెడ్డి గారు. "నేర్చుకుంటాండే పిల్లోడికి కనపడింది గదా, మాస్టరుకు కనపడలేదా?"

నేనైతే చూడలేదని చెప్పినాను, కానీ ఆ మాట నా చెవికే నమ్మకంగా వినపడలేదు. ఖాదర్ సాబ్ తలుపు వైపు తిరిగి, "చౌడేశ్వరీ, ఇట్ల రామ్మా" అన్నాడు.

ఆమె వచ్చి నిలబడింది.

"ఆడేటప్పుడు ఈ ఎత్తు చూసినావా?"

"చూసినా సార్. మంత్రిని అక్కడ పెట్టినాక చూసినా. అయిపోయిందనుకున్నా."

"మరి?"

ఆమె నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "కదలకుండా కూర్చున్నా సార్. మాస్టరు గారు వెనక్కి రారని."

"ఎట్ల తెలుసు?"

"మూడేండ్లల్లో గుర్రాన్ని వెనక్కి తీయంగా నేను చూడలేదు సార్. ఆయనకు వెనక గడులు కనపడవు."

శివారెడ్డి గారు కొడుకు వైపు తిరిగినాడు. "ఏం రా, నిజమేనా?"

ఇక్కడ ప్రతాప్ గురించి ఒక మాట చెప్పాలి. ఆ స్థానం వాడిది కావాలంటే వాడు ఊరికే ఉంటే చాలు. "తెలీదు నాయనా" అంటే చాలు. వాడు తండ్రి ముఖం చూడకుండా బోర్డు చూస్తూ చెప్పినాడు.

"నిజమే నాయనా. మేమందరం సార్‌తో ఆడేటప్పుడు దాని మీదే గెలుస్తాం. సార్‌కు చెప్పొద్దని అనుకున్నాం."

వెనకనుంచి నా ఇంకో ఇద్దరు శిష్యులు కూడా "అవును సార్" అన్నారు. అడగకముందే అన్నారు. సోమందేపల్లె ఆటగాడు ముందుకొచ్చి, నిన్న తన ఆటలో కూడా నేను వెనక్కి రావలసిన చోట రాలేదనీ, తను అది చూడక ఓడిపోయినాడనీ చెప్పినాడు. అంతమంది ఒకే మాట మీద నిలబడడం ఆ జిల్లాలో నేను అంతకు ముందు చూడలేదు, తరువాత కూడా చూడలేదు. నాకు చేతకాదని రుజువైంది. చౌడేశ్వరి స్థానం నిలబడింది.

శివారెడ్డి గారు నా వైపు తిరిగినాడు. కోపం పోయి ఏదో జాలిలాంటిది వచ్చింది ఆయన ముఖంలోకి.

"పోనీలే మాస్టరూ" అన్నాడు. "నేను తప్పుగా అనుకుంటి. నువ్వు అంత తెలివిగలవానివి కాదు."

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. చౌడేశ్వరి భుజం తట్టి, "ఆడమ్మా, మన జిల్లా పేరు నిలబెట్టు" అని, రాష్ట్ర పోటీకి జట్టు పోవడానికి తన జీపు పంపుతానన్నాడు. పంపినాడు కూడా. ప్రతాప్‌ను ఏమీ అనలేదు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టించినాడు.

తరువాత సంగతి

రాష్ట్ర పోటీలో చౌడేశ్వరి గొప్పగా ఏమీ గెలవలేదు. కొన్ని గెలిచింది, కొన్ని డ్రా చేసింది, ఒక్కటి మాత్రమే ఓడింది. మా జట్టు భోజనాలకు ఆలస్యంగా పోవడం అదే మొదటిసారి. కోటాలో సీటొచ్చింది. ఇప్పుడు ఆమె కరెంటాఫీసులో ఇంజనీరు. కరెంటు పోయినప్పుడల్లా మా ఆవిడ ఫోన్ చెయ్యమని నన్ను పోరుతుంది. ప్రతాప్ వ్యవసాయం చూసుకుంటూ వాళ్ల ఊరి పిల్లలకు ఆదివారాలు ఆట నేర్పుతున్నాడు. నాకంటే బాగా నేర్పుతున్నాడని విన్నాను.

కొత్త కోచ్‌లకు నేను చెప్పగలిగింది కొంచెమే. పిల్లలు మీ దగ్గర ఆట ఒకటే నేర్చుకోరు, మిమ్మల్ని కూడా నేర్చుకుంటారు. మీరు ఎక్కడ తొందరపడతారో, ఎక్కడ గొప్పలు పోతారో, ఏ గడి మీకు కనపడదో అంతా వాళ్లకు తెలుసు. మర్యాద కొద్దీ చెప్పరు. చెప్పే రోజు వచ్చినప్పుడు నొచ్చుకోవద్దు. నేను నొచ్చుకున్నాను. అది అనవసరం.

ఆ సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. బల్లలు తీసేసినారు. నేను సైకిలు తాళం తీస్తుంటే చౌడేశ్వరి వచ్చి పక్కన నిలబడింది. రైలుకు పోవాలి, కానీ పోలేదు.

"అందరి ముందర అట్ల చెప్పినందుకు కోపమొచ్చిందా సార్?"

"లేదు తల్లీ" అన్నాను. కొంచెం వచ్చిందని ఆమెకు తెలిసే ఉంటుంది.

"నిజం చెప్పకపోతే మీ మీద మాట వచ్చేది గదా సార్."

అప్పటిదాకా నేను ఆమె తన స్థానం కోసమే నోరు విప్పిందని అనుకుంటున్నాను. ఆ తలుపు దగ్గరి నుంచి ఆమె నడిచి వచ్చింది నా కోసం కూడా అని అప్పుడు తెలిసింది. సైకిలు స్టాండు తీసి మళ్లీ వేసినాను.

"రేపు క్లాసుంటాదా సార్?"

"ఉంటాది. రాష్ట్ర పోటీ ముందుంది గదా. నీ ఫ్రెంచ్ నాకు నేర్పిస్తావా? నాకు సరిగా తెలీదు."

ఆమె నా ముఖంలోకి చూసింది, ఎగతాళి చేస్తున్నానేమోనని. కాదని తెలిసినాక చున్నీ సర్దుకుని, "పొద్దున బండికి వస్తా సార్. మీరు కొంచెం ముందే రండి, చాలా ఉండాది" అంది.